మొగలిలంక లాంచీలో డీజిల్ ట్యాంకు దిగిన వైనం

రాజోలు వైపు నుంచి మొగలిలంకకు వెళ్ళాలంటే గోదారి పాయ వశిష్ఠ దాటాలి. వశిష్ఠ దాటాలంటే మాణిక్యం గారి లాంచీ ఎక్కాలి. లాంచీ ఎక్కడానికి మాత్రం పెద్దగా ఏమీ అక్కర్లేదు. గట్టు అవతల కొబ్బరితోటలోంచి చెయ్యి ఊపితే చాలు, ఆయన ఆగుతారు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆగుతూనే ఉన్నారు. "ఒక్క నిమిషం ఆగండి, మా అమ్మ చీర మార్చుకుంటోంది" అని ఎవరైనా అరిస్తే, "ఆయ్, నిదానంగా రమ్మనండి" అంటారు. ఏడున్నర లాంచీ ఏడున్నరకు బయల్దేరినట్టు లంకలో ఎవరికీ జ్ఞాపకం లేదు. ఒక్కసారి బయల్దేరిందని ఒక కథనం ఉంది గానీ, అది ఆరున్నర లాంచీ అని తర్వాత తేలింది.

యాభై ఎనిమిదేళ్ళ జీవితంలో మాణిక్యం గారు ఎవరినీ కాదన్న దాఖలా లేదు. ఎన్నికలప్పుడు రెండు పార్టీల వారూ వచ్చి ఓటడిగితే ఇద్దరికీ "ఆయ్" అన్నారు. ఇద్దరూ నమ్మారు. ఒక పెళ్ళిలో వడ్డించేవాళ్ళకు వద్దని చెప్పలేక ఏడు గారెలు తిని, రెండు రోజులు లాంచీ నిలబడే నడిపారు. కొత్తగా వచ్చిన ప్రయాణికుడెవరో "ఇది గౌతమీ పాయే కదండీ" అని ధీమాగా అంటే, "ఆయ్, అదేనండి" అని వశిష్ఠ మధ్యలో నిలబడి ఒప్పుకున్నారు. నది కూడా ఏమీ అనలేదు.

ఆ లాంచీ ఆయన చేతికి వచ్చేనాటికే పాతది. గత వర్షాకాలం నాటికి దాని పరిస్థితి ఏమిటంటే, పలకల సందుల్లోంచి నీళ్ళు లోపలికి వచ్చేవి, ట్యాంకు చిల్లుల్లోంచి డీజిల్ బయటికి పోయేది. రెండూ అడుగున కలుసుకునేవి. లంకలో గేదెలున్న మరియమ్మ గారు రాజోలుకు జున్ను పంపితే, కొన్నవాళ్ళు తిరిగి ఫోన్ చేసి మీ గేదె ఏం తింటోందని అడిగారు.

తనిఖీకి వచ్చిన అధికారి లాంచీని ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి నడిచి చూశారు. డెక్కు మీద ఒక చోట మోకాలి దాకా దిగబడ్డారు. కాలు బయటికి తీసుకుని, అక్కడే కూర్చుని నోటీసు రాశారు. ఫలానా సోమవారం ఉదయం పది గంటలకు మళ్ళీ వస్తారు. ఈలోగా అడుగు, డెక్కు, ట్యాంకు బాగుచేయించి, ఇంజను నడిపి చూపించాలి. చూపించకపోతే పర్మిట్ రద్దు. ఇంత వయసు మళ్ళిన పడవకు ఒకసారి రద్దయిన పర్మిట్ మళ్ళీ రాదు.

రద్దయితే ఏమవుతుందో ఎవరూ ఊహించుకోనక్కర్లేదు, అవతలి ఒడ్డున కట్టేసి ఉంది. స్నానాలతొట్టిలా తెల్లగా మెరిసే ఫైబరు పడవ. దాని యజమాని శ్యామ్ బాబు ముప్ఫై ఏళ్ళ కుర్రాడు, రేవు తనకివ్వమని దరఖాస్తు పెట్టుకున్నాడు. శ్యామ్ బాబు దుర్మార్గుడై ఉంటే బాగుండేది. అతను చాలా మంచివాడు. ఒకరోజు ఎదురొచ్చి, "మామయ్యగారూ, రేపొద్దున్న ఎలాగొచ్చినా గానీ, నా పడవలో మీరెప్పుడెక్కినా టికెట్టు లేదండి" అన్నాడు.

"ఆయ్" అన్నారు మాణిక్యం గారు. ఆ పూట అన్నం సగమే తిన్నారు. ముప్ఫై నాలుగేళ్ళు సరంగుగా చుక్కాని పట్టిన రేవులో ఉచిత ప్రయాణికుడిగా కూర్చోవడం ఆయన ఊహకు అందలేదు. ఎక్కడ కూర్చోవాలో కూడా తెలియలేదు.

లాంచీని లంక ఒడ్డుకు లాగి తాటిదుంగల మీద ఎక్కించి, కుళ్ళిన డెక్కు పీకి ట్యాంకు పైకి తీశారు. అన్నాళ్ళూ జనం చేపల నావల్లో దాటారు. వడ్రంగం పని సూర్యారావు గారిది. వయసు డెబ్భై ఒకటి, అందులో పనిలో యాభై ఏళ్ళు. ఆయన కోసిన గీత మీద స్కేలు పెట్టి చూస్తే, తేడా వస్తే స్కేలు మార్చుకునేవారు. మాణిక్యం గారు ఆయన్ను బాబాయిగారూ అంటారు, ఆయన మాణిక్యం గారిని ఒరేయ్ అబ్బాయ్ అంటారు. సూర్యారావు గారికి కోపం వస్తే మర్యాద పెరుగుతుంది. నువ్వు కాస్తా మీరవుతుంది, ఇంకా ముదిరితే తమరవుతుంది. ఆయన ఎవరినైనా తమరూ అన్నారంటే ఆ మనిషికి ఊళ్ళో సానుభూతి దొరుకుతుంది.

ట్యాంకు పని ఇశ్రాయేలు మాస్టారిది. ఆయన ఐటీఐలో వెల్డింగ్ నేర్పి రిటైరయ్యారు. రాజోలులో ఇంటి వెనక రేకులషెడ్డులో, నమ్మకస్తులకు మాత్రం, చెప్పుకోదగ్గ ఆలస్యంతో పనిచేసి పెడతారు. డీజిల్ పట్టిన ట్యాంకును నేరుగా వెల్డింగ్ చేస్తే పేలుతుంది గనక మూడు రోజులు నీళ్ళు నింపి ఉంచారు. తుప్పు పట్టిన అడుగు కోసేసి కొత్త రేకు వేశారు. అతుకుల మీద సబ్బునురగ రాసి, లోపలికి గాలి కొట్టి, బుడగ వస్తుందేమోనని కళ్ళజోడు తుడుచుకుని చూశారు. ఒక బుడగ వచ్చింది. మళ్ళీ మొదటి నుంచీ చేశారు. మొత్తం పంతొమ్మిది రోజులు.

ఈ పంతొమ్మిది రోజుల్లో సూర్యారావు గారు ఊరుకోలేదు. కుళ్ళిన పలకలు మార్చారు. సందుల్లో నూనెలో తడిపిన నూలు కూరి, పైన గుగ్గిలం పూశారు. మిగిలిన పాత డెక్కు కూడా పీకేసి, టేకు పలకలతో కొత్తది పరిచారు. ఇంజను గదిలోకి దిగే కంత పాతది ఎంతుందో సరిగ్గా అంతే వదిలారు. దానికి మూత చేశారు. మూత వేస్తే కంత ఎక్కడుందో వెతుక్కోవాలి, అంత బాగా కుదిరింది. అప్పటికి ట్యాంకు ఇంకా రాజోలులోనే ఉంది.

ఈ పని చూడ్డానికి రోజూ ఓ నలుగురు లంకవాళ్ళు వచ్చి తాటిదుంగల మీద కూర్చునేవారు. ఎవరి పనిలోనూ తలదూర్చడం వాళ్ళకు అలవాటు లేదు. చూశారు, తలాడించారు, వెళ్ళారు.

గురువారం నాడు డెక్కు పని ముగిసింది. లాంచీ ముక్కుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, సూర్యారావు గారికి పంచెల చాపు, తాంబూలం ఇచ్చారు. దీనికి సంబంధించి సూర్యారావు గారికి ఒక నియమం ఉంది. ఆయన గురువు నుంచి వచ్చింది. కొబ్బరికాయ కొట్టాక పడవ నీళ్ళకు తగిలేదాకా దాని చెక్క మీద రంపం పెట్టకూడదు. పుట్టబోయే బిడ్డకు పురుడు కాకుండా జుట్టు కత్తిరిస్తారా అని ఆయన వాదన.

శుక్రవారం ట్రాలీ ఆటోలో అవతలి ఒడ్డుకు, అక్కణ్ణుంచి చేపల నావలో ట్యాంకు వచ్చింది. నల్లరంగు వేసుకుని, కొత్త పెళ్ళికొడుకులా ఉంది. వెనకే ఇంకో నావలో స్కూటరుతో సహా ఇశ్రాయేలు మాస్టారు. ఆరుగురు కలిసి దాన్ని డెక్కు మీదకు ఎత్తి, కంత దగ్గర పెట్టారు. పొడుగ్గా పెట్టారు. అడ్డంగా పెట్టారు. నిలబెట్టారు. ఏటవాలుగా వంచారు. రేఖాగణితంలో ఇంకేమైనా మిగిలి ఉందేమోనని మాస్టారు కొంచెంసేపు ఆలోచించారు.

సూర్యారావు గారు వంగి, ట్యాంకు అంచుకూ కంత అంచుకూ మధ్య చెయ్యి ఆనించి చూశారు.

"నాలుగు వేళ్ళు తక్కువ" అన్నారు.

"ఎవరి వేళ్ళండి?" అని దుంగ మీంచి ఒకాయన అడిగారు.

"నావి."

"మావైతే మూడేనేమోనండి."

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఇశ్రాయేలు మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"నేనప్పుడే అనుకున్నానండి. మొన్న కొలతలకి వచ్చినప్పుడు ఆ కంత చూసి, ఇందులోంచి ఎలా దింపుతారో అనుకున్నాను."

"మరి చెప్పలేదేంటండి మాస్టారూ?" అన్నారు మాణిక్యం గారు.

"సూర్యారావు గారంతటి మనిషి పనిలో నేను వేలు పెట్టడం బాగుంటుందాండీ? ఆయనేదో ఉపాయం పెట్టుకున్నారనుకున్నాను."

"నేనూ అనుకున్నానండి" అన్నారు సూర్యారావు గారు. "ట్యాంకు రాకుండా డెక్కు మూసేస్తున్నానేంటా అని. మాస్టారిని తొందరపెట్టడం మర్యాద కాదు కదా. ముక్కలుగా తెచ్చి లోపల అతుకుతారేమో, చదువుకున్నాయన కదా అనుకున్నాను."

అందరూ మాణిక్యం గారి వైపు తిరిగారు. ఆయన తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదకు మార్చుకున్నారు.

"నాకూ తోచిందండి. మీరిద్దరూ ఉన్నారు కదాని ఊరుకున్నాను."

"మేం రోజూ అనుకుంటున్నామండి" అన్నారు దుంగల మీంచి. "ఇంటికెళ్ళి కూడా అనుకుంటున్నాం. ట్యాంకు దిగిందా, ట్యాంకు దిగిందా అని మా ఇంటిది నా ప్రాణం తీసేసింది."

ఇంతలో మాణిక్యం గారి భార్య కృష్ణవేణి గారు అందరికీ టీ పట్టుకొచ్చారు. ఆవిడ ట్యాంకును చూసి, కంతను చూసి, సూర్యారావు గారిని అడిగారు.

"మావయ్యగారూ, ఇదివరకు ఈ ట్యాంకు ఇందులోకి ఎలా వెళ్ళిందండి?"

"ముందు ట్యాంకు పెట్టి, దాని మీద డెక్కు వేసేరమ్మా."

"అలాగాండీ" అని ఆవిడ గ్లాసులు అందించారు. ఇంకేమీ అనలేదు. అనకపోవడం అందరికీ తగిలింది.

కంతను ఒకవైపు నాలుగు వేళ్ళు వెడల్పు చేస్తే సరిపోతుంది. అది కొయ్యాల్సిన రంపం సూర్యారావు గారి సంచిలోనే ఉంది. నియమమే అడ్డం. పైగా తెల్లారితే శనివారం. వాడపల్లి వెంకన్నకు ఆయన ఏడు శనివారాల మొక్కులో ఉన్నారు. ఇది ఆరోది, తప్పితే మళ్ళీ ఒకటి నుంచి లెక్క. ఆదివారం మధ్యాహ్నం దాకా మాస్టారు చర్చిలో ఉంటారు. సోమవారం పదింటికి అధికారి వస్తారు. ముగ్గురూ ఎవరి సంచి వాళ్ళు తీసుకుని, ఒకరికొకరు నమస్కారాలు పెట్టుకుని వెళ్ళిపోయారు.

శనివారం మాణిక్యం గారు లాంచీ చుట్టూ తిరిగారు. రాజోలు నుంచి ఇంకో వడ్రంగిని తెచ్చుకోవచ్చని ఎవరో అన్నారు. సూర్యారావు గారి డెక్కు మీద ఇంకొకరి రంపం పెట్టించడం కన్నా పర్మిట్ పోవడమే మర్యాదగా ఉంటుందని ఆయనకు తోచింది. మధ్యాహ్నం భోజనంలో కృష్ణవేణి గారు పులుసు వేస్తూ అడిగారు.

"ఏవండీ, శ్యామ్ బాబు పడవలో మీరు ముందు కూచుంటారా, వెనకా?"

ఆయన పులుసు కలుపుకున్నారు.

"ముందైతే ఎండండి. వెనకైతే ఆ అబ్బాయి నడపడం కనపడుతుంది. మీరు చూళ్ళేరు. మధ్యలో కూచోండి."

ఆదివారం తెల్లవారుతుండగా మాణిక్యం గారు సూర్యారావు గారి అరుగు ఎక్కారు. వాడపల్లి నుంచి తిరిగొచ్చిన ఆయన నుదుట నామం ఇంకా చెరగలేదు. కాఫీ తాగుతున్నారు.

"బాబాయిగారూ, రంపం పెట్టాలండి."

"చెప్పేను కదరా. పడవ నీళ్ళకి తగలాలి."

"ఓ బిందెడు గోదారి నీళ్ళు తెచ్చి పోద్దామండి."

"నీళ్ళు పడవ మీదకొస్తే దాన్ని వాన అంటారు. పడవ నీళ్ళ మీదకెళ్ళాలి."

"అయితే నీళ్ళ మీదకి దింపేసి, అక్కడే కోద్దామండి."

"ఊగే పడవ మీద గీత నిలవదురా. ఈ యాభై ఏళ్ళలో నా చేత్తో వంకరగీత పడలేదు. ఇప్పుడు వేయించకు. ఆ అధికారిని పదిహేను రోజులు గడువడుగు. పెద్దమనిషిలాగే ఉన్నాడు, ఇస్తాడు."

ఇక్కడ "ఆయ్" రావాలి. సూర్యారావు గారు దానికోసం ఆగి, కాఫీ ఇంకో గుక్క తాగారు. అరుగు కింద కోడి ఒకటి అటూ ఇటూ నడిచింది. మాణిక్యం గారు తన కాళ్ళ వైపు చూసుకున్నారు.

"కాదండి" అన్నారు.

సూర్యారావు గారు గ్లాసు కింద పెట్టారు.

"ఏంటన్నారు?"

"కాదండి. గడువివ్వరండి. నోటీసులో రాసేరు. మీరు కొయ్యకపోతే నేనే కోసుకుంటానండి."

సూర్యారావు గారు మాణిక్యం గారి చేతుల వైపు చూశారు. ఎనిమిదేళ్ళ క్రితం ఆ చేతులు ఇంట్లో ఊగుతున్న బల్లకు కాళ్ళు సమం చేయడానికి పూనుకున్నాయి. ఒక కాలు కోస్తే రెండోది పొడుగైంది, అది కోస్తే మూడోది. ఆ బల్ల ఇప్పుడు కృష్ణవేణి గారికి కూరలు తరుక్కునే పీటగా పనికొస్తోంది.

"తమరు నా డెక్కు మీద రంపం పెడతారా?"

"ఆయ్."

"తమరు దాని జోలికి వెళ్ళొద్దు. నేనే వస్తాను."

పదకొండున్నరకు ఆరాధన ముగిసింది. ఇశ్రాయేలు మాస్టారు చర్చి మెట్ల మీద నిలబడి విషయం వివరించగా, ఇరవై మంది తెల్లబట్టలతోనే రేవుకు వచ్చారు. పంట్లాలు మోకాళ్ళ పైకి మడిచి, పసుపు కుంకుమలతో ఉన్న లాంచీని దుంగల మీద దొర్లించి వశిష్ఠలోకి దింపారు. లాంచీ తేలింది. సూర్యారావు గారు వంగి అడుగున చెయ్యి పెట్టి చూసుకున్నారు. చుక్క నీరు రాలేదు. ఆ సంతోషం ఆయన మొహంలో కనిపించనివ్వలేదు.

లాంచీని రెండు తాళ్ళతో ఒడ్డుకు బిగించి కట్టారు. సూర్యారావు గారు పెన్సిలుతో గీత గీసి, బరమాతో కన్నం వేసి, రంపం దించారు. ఊపిరి పీలిస్తే పడవ కదులుతుందేమోనని దుంగల బృందం గట్టు మీదే ఉండిపోయింది. మూడడుగుల గీత. మొదటి అడుగు దారం పట్టినట్టు వచ్చింది. రెండో అడుగు ముగియబోతుండగా అవతలి నుంచి ఫైబరు పడవ వచ్చింది. పనివాళ్ళను చూసి పలకరించకుండా వెళ్ళడం బాగుండదని శ్యామ్ బాబు దాన్ని దగ్గరగా తిప్పాడు.

"ట్యాంకు దిగిందాండీ మామయ్యగారూ?"

అతని వెనకే అల వచ్చింది. లాంచీ ఒక్కసారి లేచి దిగింది.

సూర్యారావు గారు రంపం ఆపారు. వంగి చూశారు. ఇరవై రెండో అంగుళం దగ్గర గీత గోరంత పక్కకు వెళ్ళి, మళ్ళీ దారిలోకి వచ్చింది. చూపిస్తే తప్ప ఎవరికీ కనపడదు. ఆయన ఎవరికీ చూపించలేదు, అందువల్ల అందరూ చూశారు. మిగిలిన పద్నాలుగు అంగుళాలూ కోసి, రంపం తుడిచి సంచిలో పెట్టుకున్నారు. మూతకు కొత్త పట్టీ అతికి, దాన్ని తెచ్చి కంత మీద వేసి, "తమరి పని అయిపోయిందండి" అని చెప్పి గట్టెక్కారు.

తర్వాతి పని ఇశ్రాయేలు మాస్టారిది. అడుగున చెక్కదిమ్మలు, వాటి మీద పాత లారీ ట్యూబు ముక్కలు, వాటి మీద, వెడల్పయిన కంతలోంచి దింపిన ట్యాంకు. చెక్కా ఇనుమూ నేరుగా రాసుకుంటే ఇంకో పదేళ్ళకు మళ్ళీ చిల్లే. ఇనుపపట్టీలు వేసి బోల్టులు బిగించారు. గొట్టం ఇంజనుకు కలిపారు. పది లీటర్లు పోసి, ఇంజను తిప్పితే దగ్గింది గానీ పలకలేదు. గొట్టంలో ఎయిర్ పట్టిందని నట్టు వదులు చేసి, నురగ పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా పంపు కొట్టి, మళ్ళీ బిగించారు. సాయంత్రం నాలుగున్నరకు లాంచీ పలికింది. గట్టు మీద సూర్యారావు గారి తలుపు వేసి ఉంది. ఆ చప్పుడు ఆ ఇంటిదాకా స్పష్టంగా వినపడుతుంది.

సోమవారం అధికారి పదింపావుకు వచ్చారు. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. పోయినసారి కాలు దిగబడిన చోట మెల్లిగా ఒక అడుగు వేసి, రెండో అడుగు కూడా వేశారు. ఇంజను వేయించి, అవతలి ఒడ్డుకు వెళ్ళి రమ్మన్నారు. మూత తీసి ట్యాంకు చూపించబోతే, "వద్దులెండి, వాసన రావట్లేదు కదా" అన్నారు. ఒక ఏడాదికి సంతకం పెట్టారు. శ్యామ్ బాబు గట్టు మీంచి చూసి, దిగొచ్చి, మాణిక్యం గారికి చెయ్యి కలిపి, తన పడవకు ఇంకో రేవు వెతుక్కోవడానికి వెళ్ళాడు. మాణిక్యం గారు ఆ మధ్యాహ్నం రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు.

సూర్యారావు గారు మాత్రం మాట్లాడటం మానేశారు. లాంచీ ఎక్కడం మానలేదు, వేరే దారి లేదు. ఎక్కగానే నేరుగా మూత దగ్గరకు వెళ్ళి, తువ్వాలు పరిచి, సరిగ్గా ఆ ఇరవై రెండో అంగుళం మీద కూర్చుంటారు. బల్లలు ఖాళీగా ఉన్నా అక్కడే. ఆయన రేవుకు రాకముందు ఆ చోట ఎవరూ కూర్చోరు. ఎందుకో ఎవరూ అడగరు.

ట్యాంకులో డీజిల్ ఎంతుందో తెలియాలంటే మూత తీసి వెదురుపుల్ల ముంచాలి. మూత తీయాలంటే సూర్యారావు గారు లేవాలి. లేవమని మాణిక్యం గారు అనలేదు. ఆయన దిగాకే చూసుకునేవారు.

మాటలు మానేసిన నలభై ఒకటో రోజున, ఉదయం లాంచీ మీద ఇరవై మందితో వశిష్ఠ నడిమధ్యన ఇంజను దగ్గింది. రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వెనక క్యానులో డీజిల్ ఉంది. ట్యాంకు మూత మీద సూర్యారావు గారున్నారు. లాంచీ మెల్లగా దిగువకు కొట్టుకుపోవడం మొదలెట్టింది. ప్రయాణికులందరూ కొబ్బరిచెట్ల వైపు చూశారు. బడికి వెళ్ళే టీచరమ్మ ఒకావిడ గడియారం చూసుకుని, చూసుకున్నందుకు నొచ్చుకున్నట్టు చీర సర్దుకుంది. మాణిక్యం గారు చుక్కాని పట్టుకుని, ఆకాశం సంగతేదో పరిశీలించారు.

రేవు ఓ రెండొందల గజాలు వెనకబడ్డాక సూర్యారావు గారు లేచారు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, లాంచీ ముక్కు దగ్గరకు వెళ్ళి, నదికేసి తిరిగి నిలబడ్డారు. మాణిక్యం గారు మూత తీసి, క్యాను వంచి, ఎయిర్ తీసి, ఇంజను వేశారు. మూత మూసి చుక్కాని దగ్గరకు వచ్చారు. సూర్యారావు గారు తిరిగొచ్చి తువ్వాలు పరుచుకుని కూర్చున్నారు.

"మూత బాగా వస్తోందా అబ్బాయ్?" అన్నారు, నీళ్ళ వైపే చూస్తూ.

"ఆయ్. వెన్నలా వస్తోందండి బాబాయిగారూ."

ఆ మూత నదిగాలికి ఉబ్బిపోయి, స్క్రూడ్రైవరు పెట్టి మూడువైపులా లేపితే గానీ రావడం లేదు.